పదును

బ్రాడీపేట పద్నాలుగో లైన్లో, మూడో అంతస్తు గదిలో
నేలకి రంగులు వేయడం నా ఉద్యోగం.
గడ్డికి ఆకుపచ్చ, మట్టికి ఊదా, కంకరకి పసుపు,
నీళ్ళకి నీలం. ఈ ఒక్కదానికీ ఎవరూ పేచీ పెట్టలేదు.
బొమ్మకి రూపాయిన్నర.
ఎనిమిది వేల బొమ్మలు చూశాక బండి
తనంతట తాను నడవాలి, వట్టిచెరుకూరు డొంకలో.

మొదటి రోజే మిరప కల్లం దగ్గర ఆగింది.
అరెకరం మేర ఎర్రగా పరిచిన కాయలు.
ఆ ఎరుపుకి నా దగ్గర గడి లేదు.
నేలా? అడ్డమా? దారా?
కెమెరా కన్ను అటు తిరిగి, ఇటు తిరిగి
'రోడ్డు, అరవై రెండు శాతం' అని తేల్చింది.
చక్రం కదిలేలోపు చీపురెత్తి ఒకావిడ లేచింది.
ఆవిడకి సర్ది చెబుదామంటే
నాకు దగ్గు ఆగితే కదా.

రెండో వారం రాత్రి వాన పడింది, ఎవరూ పిలవని వాన.
మర్నాడు మధ్యాహ్నానికి ఎండ కాసి
నల్లరేగడి మీద బూడిదరంగు పొర తేలింది.
తెర మీద: 'మట్టి, పొడి. తొంభై నాలుగు శాతం.'
నాలుగు గజాలు పోయిందో లేదో
కుడి చక్రం ఇరుసు దాకా దిగింది.
తిరిగేకొద్దీ దిగింది, దిగేకొద్దీ తిరిగింది,
చక్రం చుట్టూ ఇంకో చక్రం, మట్టిది.
లాగబోయి నేనూ దిగాను.
నా చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

గట్టు మీద కూర్చున్న జక్రయ్య లేవలేదు.
'పైన ఆరింది, లోన ఆరలా' అన్నాడు.
'చూపుకి తెలిసేదే అయితే
అమాస రాత్రి మా ఎద్దులెట్టా నడిచినయ్యమ్మా?'

'అయితే నువ్వు నడిచి చెప్పు బాబాయ్, నేను రాసుకుంటా.'

పంచె కాస్త పైకి లాగి పాదం చూపించాడు.
బొటనవేలు లేదు.
'షుగరు. ఆరేళ్ళయింది.
గాజుపెంకు దిగినా నెత్తురు చూసి తెలుసుకోవాల్సిందే.
నేల పలకటం మానేసింది.'
పెళ్ళిలో మాటా మాటా వచ్చి
రాకపోకలాగిపోయిన తోడల్లుడి గురించి
చెప్పినట్టు చెప్పాడు.

జూన్లో ఇరుసుకి అగ్గిపెట్టెంత పెట్టె బిగించాం,
చక్రం వణుకుని రాసుకునే పెట్టె.
కెమెరాకి నా చున్నీ కట్టాను.
బండి తుమ్మచెట్ల అవతలికి పోయింది, మాకు కనపడదు.
పంపుషెడ్డు గచ్చు మీద లాప్‌టాప్,
దాని ముందు నేను, బీడీ ఆర్పేసి జక్రయ్య.

గీత సన్నగా, దగ్గరదగ్గరగా వణికింది.
'గరువు' అన్నాడు.
నేనేమీ అడగలేదు.
గీత పళ్ళు పళ్ళుగా లేచింది.
'కంకర... కాదు కాదు, నెర్రెలు. అడ్డంగా పోతంది.'
కాసేపు బిగుసుకుని, బల్ల మీద వేలు కొట్టినట్టు.
'చవుడు. ఆ మూల ఏం చల్లినా మొలవదు.
మా నాయన రెండేళ్ళు చల్లాడు.'

తర్వాత గీత మెత్తబడింది.
ఆగలేదు, జారలేదు,
పాలు తాగి పడుకున్న బిడ్డ పొట్టలా
లేచి, తగ్గి, లేచి.
జక్రయ్య మాట్లాడలేదు.
తెర మీద అరచెయ్యి ఆనించాడు, అక్కడ వెచ్చగా ఉంటుంది.
చాలాసేపటికి 'పదునులో ఉంది' అన్నాడు.
'ఇయ్యాల ఇత్తనం పడాలి.'
కింద, ఆయనకి తెలియకుండానే,
మిగిలిన నాలుగు వేళ్ళూ గచ్చుని గీరుతున్నాయి.

రాత్రి గదికొచ్చి పట్టీలో కొత్త గడి తెరిచాను.
పేరు: పదును.
రంగు దగ్గర ఆగిపోయాను.
ఊదాలో ఊదా ఎలా కలపను?
ఖాళీగానే వదిలేశాను.

పొద్దున పైవాళ్ళు ఫోన్ చేశారు.
ఈ తరగతికి అర్థమేంటి, కొలతేంటి,
ఎన్ని బొమ్మలున్నాయి అని.
బొమ్మలు లేవన్నాను.
జక్రయ్య నంబరిచ్చాను.
పొద్దున్నే చేయండి, అన్నాను,
తొమ్మిది దాటితే చేలో ఉంటాడు, ఎత్తడు.